మూడు తెరలు, ఒక మోత

మా ఆయనకు చెవులు రెండు, తెరలు మూడు. పాటలు రికార్డు చేసే మనిషికి చెవుల కంటే తెరలు ఎక్కువైతే ఎట్లా ఉంటుందో నన్ను అడగండి, చెబుతాను. ఆ మూడు తెరలతో నేను కాపురం చేస్తున్నాను.

మార్కాపురంలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. పెళ్ళయిన కొత్తలో అందులో ఉల్లిపాయలూ పాత మంచాలూ ఉండేవి. తర్వాత ఆయన వాటిని కిందికి దింపి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, తలుపుకు పాత బొంత వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. ఉల్లిపాయలు ఉన్నప్పుడే ఆ గది ఇంటికి ఎక్కువ పనికొచ్చేదని నేనంటే ఆయనకు కోపం. నేను కింద వరండాలో జాకెట్లు కుడతాను. పైన ఆయన ఊరి గొంతులన్నీ పట్టి కంప్యూటర్లో పెడతాడు. బట్టల దుకాణం ప్రచారం, చర్చి పాటలు, పార్టీల పాటలు, అన్నీ అక్కడే. జిల్లాలు విడగొట్టి కొత్త ప్రకాశం అని గీత గీసినప్పుడు, మార్కాపురాన్ని జిల్లా చేయలేదని ఊరంతా మండిపడింది. ఆ రోజుల్లో వీధుల్లో తిరిగిన ఆటో మైకుల్లో చాలా కేకలు మా మేడ మీద పుట్టినవే.

ఆ కేకలన్నిటి వెనకా ఒక మోత ఉండేది. మూత పెట్టిన డబ్బాలో ఈగ ఇరుక్కున్నట్టు, జుయ్ మని, ఎడతెగకుండా. ఆటో మీద గొట్టం మైకులో వినేవాళ్ళకు అది తెలిసేది కాదు. ఆటో ఇంజను రొదలో ఆ మోత కలిసిపోయేది. పార్టీల పాటల్లో డప్పుల కింద మునిగిపోయేది. అందువల్ల మా ఆయన చాలాకాలం తన పని భేషుగ్గా ఉందనుకున్నాడు.

ఇక ఆ తెరల సంగతి. గిద్దలూరులో మూతపడిన కంప్యూటరు శిక్షణ కేంద్రం నుంచి రెండు పాత మానిటర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అవి చాలక ఒక పెద్ద టీవీని గోడకు తగిలించాడు. పాడే మనిషికి ఎదురుగా, వెంట వచ్చినవాళ్ళ బెంచీకి కూడా ఎదురుగా. ఎందుకయ్యా ఇన్ని అంటే, "జనం పాట వినేదానికి రారే, చూసేదానికి వస్తారు" అన్నాడు.

ఈ ఒక్క మాటలో మాత్రం ఆయన తప్పు లేదు. మా వైపు పాట రికార్డు చేయించడమంటే ఇంట్లో శుభకార్యం లెక్క. పాడేది ఒక్కరే అయినా ఆటో నిండా మనుషులు దిగుతారు. బావలు, మరదళ్ళు, చంకలో పిల్లలు, ఫ్లాస్కులో టీ. అందరూ బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, గోడ మీద టీవీలో ఆకుపచ్చ గీతలు లేస్తూ పడుతూ ఉంటే నోళ్ళు తెరుచుకుని చూస్తారు. "అదిగో, అది మా చిన్నాయన గొంతు!" అని ఒకరు. "ఈమె గీత సన్నంగా ఉందేంది?" అని ఇంకొకరు. పాట ఎట్లా ఉందని అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఎవరి గీత లావుగా వచ్చిందో దాని ఫోటో తీసుకుని, ఫోనులో స్టేటస్ పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. స్టూడియో తెరిచిన రోజు పాస్టరు గారు వచ్చి మూడు తెరల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పాపం మైకు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అట్లా నడుస్తుండగా మా అమ్మ వచ్చింది.

అమ్మది కొమరోలు అవతల ఒక పల్లె. బతుకంతా పరుల చేలల్లో కలుపు తీసింది, మిరపకాయలు కోసింది, వేరుశనగ పీకింది. ఆమెకు ఒక పాట ఉంది. ఎవరూ నేర్పలేదు, తనే కట్టుకుంది. నాయన బతికున్నప్పుడు ఎవరి చేలోనో గొర్రు తోలుతుంటే, ఆ వెనకే నడుస్తూ విత్తనం వదులుతూ కట్టిన పాట. "సాలు సాలుకూ సాయమైన దేవా, సజ్జ గింజకు సత్తువిచ్చిన దేవా" అని మొదలవుతుంది. ఏటా కోత పండుగనాడు, కొత్త గింజలు మా పల్లె చర్చికి, మేము గుడి అనేదానికి, తెచ్చి పెట్టే రోజున, అమ్మ లేచి నిలబడి ఆ పాట పాడాలి. అది పాడకపోతే మా పల్లెలో పండుగ అయినట్టు కాదు. వాయిద్యం ఉండదు, తాళం కూడా ఉండదు. గొంతూ, పళ్ళ మధ్య నుంచి విత్తనం జారినట్టు జారే ఆ 'స' లూ, అంతే పాట.

ఇప్పుడా పళ్ళే కదిలిపోయాయి. పైవరస చిగుళ్ళు వాచి, చీము పట్టి, ముద్ద నమలడమే కష్టమైంది. మార్కాపురం పళ్ళ డాక్టరు చూసి పైవరస మొత్తం తీసేయాలన్నాడు. అమ్మ తలూపి ఇంటికొచ్చి, మా ఆయన ముందు కూర్చుంది.

"పళ్ళు పోతే నేను గుళ్ళో నోరు తెరవను అల్లుడా. ఆ బోసి నోటితో పాడి నగుబాటు కాలేను. పళ్ళుండంగానే నా పాట పట్టి పెట్టు, పండగనాడు స్పీకర్లో అదే పెడదురు. ఆనక ఏమన్నా పీకనీ."

"అదెంత పని అత్తా" అన్నాడాయన.

అమ్మను పైకి తీసుకెళ్ళి, మైకు ముందు కూర్చోబెట్టి, రెండు చరణాలు పాడించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ఆయన ముఖం మాడిపోయింది. డప్పులు లేవు, ఆటో ఇంజను లేదు. అమ్మ ఊపిరి పీల్చుకున్న చోటల్లా ఆ మోత తల ఎత్తి చూస్తోంది. మొట్టమొదటిసారి మా ఆయనకు తన స్టూడియో వినిపించింది.

"ఇది ఇంట్లో కరెంటు సామాన్ల వల్ల. ఒక వారం ఆగు అత్తా, దీని సంగతి తేల్చేస్తా" అన్నాడు.

ఆ వారం ఆయన నా సంసారం సంగతి తేల్చాడు. ముందు ఫ్రిజ్జు ఆపాడు. పాలు విరిగాయి, మోత పోలేదు. తర్వాత మిక్సీ మీద పడ్డాడు. పచ్చళ్ళు రోట్లో నూరుకున్నాను, మోత పోలేదు. తర్వాత నా కుట్టు మిషను మోటారు. "దీంట్లోంచే వస్తాంది, పక్కాగా ఇదే" అని ఊడదీసి అటక మీద పడేశాడు. పండుగ జాకెట్లన్నీ కాళ్ళతో తొక్కి కుట్టాను, నా మోకాళ్ళు వాచాయి గానీ మోత తగ్గలేదు. ఆ పైన పక్కింటి కిరాణా దుకాణం వాళ్ళ దగ్గరకు పోయి, మీ ఐస్‌క్రీం పెట్టె కాసేపు ఆపండని అడిగాడు. "ఆపితే కరిగిపోతాయి గదన్నా, నువ్వు తింటావా అన్నీ?" అన్నారు వాళ్ళు. ఇల్లంతా ఆపాడు, వీధంతా ఆపబోయాడు. ఆపనివి ఒక్క ఆ మూడు తెరలే. అవి వెలుగుతూనే ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు.

ఇదంతా జరుగుతుంటే అమ్మ వరండాలో నా పక్కన కూర్చుని దవడలో లవంగం నొక్కి పట్టుకునేది. సంకటి మెత్తగా కలిపి జారుడుగా తాగించేదాన్ని. బుగ్గ రోజురోజుకూ వాస్తోంది. పీకించుకోమ్మా అంటే వద్దని చెయ్యి ఊపేది. "వాయనీలే. పాట అయిపోనీ."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధంతా నిశ్శబ్దం. ఐస్‌క్రీం పెట్టె ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, పక్క సందులో బోరు మోటారు ఆగింది. మా మేడ మీద కంప్యూటరూ తెరలూ మాత్రం ఇన్వర్టరు మీద వెలుగుతున్నాయి. నేను మెట్లెక్కి పైకి పోయి హెడ్‌ఫోన్లు తీసుకుని చెవులకు పెట్టుకున్నాను. జుయ్ మని అదే మోత. ఆయన ఏదో నొక్కితే తెర తెల్లగా అయింది, మోత పెరిగింది. ఇంకేదో నొక్కితే తెర నల్లబడింది, మోత తగ్గింది. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. చెవులుంటే చాలు.

"ఏందయ్యా, ఊరంతా కరెంటు లేదు. ఇప్పుడు నడిచేది నీ తెరలే. మోత వాటిదే" అన్నాను.

"నీకేం తెలుసే? ఇది ఇన్వర్టరు బ్యాటరీ మోత. తెరలు చప్పుడు చేస్తాయా ఎక్కడన్నా? నీ చెవితో విను, ఏమన్నా వినపడతాందా?"

నిజమే, చెవి దగ్గర పెడితే తెర ఏ చప్పుడూ చేయదు. అది చేసేదంతా తీగల్లోకి దూరి మైకుతో కలుస్తుంది. అంత వివరంగా చెప్పడం అప్పుడు నాకు రాలేదు. వచ్చినా ఆయన వినేవాడు కాదు.

"పో, పోయి జాకెట్లు కుట్టుకో" అన్నాడు.

మర్నాడు మా ఇంటి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. నిండా పలక ముక్కలు. మా మామ జీవితమంతా పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చాడు. మా ఆయన పాకేటప్పటి నుంచి పలకల మధ్యే పెరిగాడు. మార్కాపురంలో పుట్టిన మనిషికి ఇల్లు కారినా పలకే, అరుగు కూలినా పలకే, పొయ్యి కింద సర్దడానికి కూడా పలకే. ఇప్పుడు మోతకూ పలకే మందని తేలింది.

"పలకలో కరెంటు పారదే. పాతకాలంలో స్విచ్చి బోర్డులు పలక రాయి మీదనే బిగించినారు, నాయన చెప్పేవాడు. గది చుట్టూ పలక కట్టినామంటే ఏ మోతా లోపలికి రాలేదు" అన్నాడు. ఆయన కళ్ళల్లో మెరుపు చూస్తే నాకు భయం వేసింది.

పలకలో కరెంటు పారదన్నది నిజం కావచ్చు. కానీ మోత బయటి నుంచి వస్తేగా ఆపడానికి? దొంగను ఇంట్లో పెట్టుకుని బయట గోడ కడుతున్నాడు. కోడిగుడ్ల అట్టలు పీకేశాడు, సిమెంటు కలిపాడు, కింద నుంచి పై దాకా నల్ల పలకలు అతికించాడు. పని పూర్తయ్యాక ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నాలుగు గోడలూ ఆయనతో పాటు గొంతు సవరించుకున్నాయి. బావిలోకి తొంగి చూసి పిలిచినట్టుంది గది. మోత మాత్రం చెక్కుచెదరలేదు.

అమ్మ మెల్లగా మెట్లెక్కి వచ్చి, బుగ్గ పట్టుకుని చుట్టూ చూసింది.

"ఇంత పలక పెట్టినావు గానీ, బలపం ఏది అల్లుడా? మోతను రాసి తుడిచేద్దువు."

ఆ వాచిన ముఖంతోనే నవ్వింది. ఆయన నవ్వలేదు. మళ్ళీ ఆ పలకలు దాచడానికి నా బొంతలూ దుప్పట్లూ అన్నీ పట్టుకెళ్ళి గోడలకు వేలాడదీశాడు.

ఆ రాత్రి అమ్మకు జ్వరం వచ్చింది. పొద్దున్నే చూపిస్తే డాక్టరు నా మీద గట్టిగా కేకలేశాడు. చీము లోపలికి పాకుతోంది, రేపు తీయకపోతే ప్రమాదం అన్నాడు. ఇక ఆ ఒక్క రోజే మిగిలింది.

ఈ సంగతి ఊరికి తెలిసి మా పిన్నమ్మ, ఆమె కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు ఆటో కట్టించుకుని దిగారు. అక్క గొంతు టీవీలో చూడాలట. నేను మా ఆయన్ను పక్కకు పిలిచి ఒట్టు వేయించుకున్నాను. రికార్డు నొక్కగానే మూడు తెరలూ ఆపేయాలి. కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది, పాట అయ్యాక వేసుకుని చూసుకోవచ్చు. ఆయన విసుక్కున్నాడు గానీ సరే అన్నాడు.

ఆయన నొక్కాడు. నేనే వంగి స్విచ్చులు ఆపాను. హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. అప్పుడు వచ్చిన నిశ్శబ్దం నేను ఈనాటికీ మరచిపోలేదు. అన్నాళ్ళుగా మా గదిలో తిష్ట వేసిన మోత దీపం ఆర్పినట్టు పోయింది. అమ్మ గాజు గాజుకు తగిలిన చప్పుడు వినపడింది. అమ్మ మింగిన గుటక వినపడింది. అమ్మ నోరు తెరిచి "సాలు సాలుకూ" అంది.

"అయ్యో, బొమ్మ పోయిందే!" అని అరిచింది పిన్నమ్మ బెంచీ మీద నుంచి. "ఆగు అక్కా, ఆగు! కరెంటు పోయినట్టుంది. గీతలు రావట్లేదు!"

అమ్మ ఆగిపోయింది. పిల్లలు గోల పెట్టారు. పిన్నమ్మ పెద్ద కొడుకు, "ఏంది బావా, పాడైపోయిందా సామాను?" అన్నాడు. అంతే. మా ఆయన పరువు పోయింది. ఒట్టూ లేదు, గట్టూ లేదు. లేచి మూడు స్విచ్చులూ టకటకా వేసేశాడు. "లేదు బామ్మర్దీ, బాగానే ఉండాది. ఇదో చూడు" అని గోడ వైపు చెయ్యి చూపించాడు. గీతలు వచ్చాయి. మోత వచ్చింది. బెంచీ అంతా ఆహా అంది. వాళ్ళందరినీ మెట్ల మీద నుంచి కిందికి దొర్లించాలన్నంత కోపం వచ్చింది నాకు.

అమ్మకు మాత్రం ఇవేమీ తెలియవు. కళ్ళు మూసుకుంది, బుగ్గకు అరచెయ్యి అదిమి పెట్టుకుంది, పాట మొదటి నుంచి చివరి దాకా పాడింది. ఒక్క 'స' కూడా జారిపోనివ్వలేదు. అయిపోయాక కొంగులో ఉమ్మితే నెత్తురు పడింది. ఇంకొకసారి తెరలాపి పాడించమని అడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు పొద్దున డాక్టరు పైవరస మొత్తం తీసేశాడు.

ఆ తర్వాత చాలా రోజులకు మా ఆయన ఫోను పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఎవరో ఎక్కడి నుంచో వీడియో పెట్టారట.

"ఒసే, విన్నావా! మోత తెరల్లోంచే వస్తాదంట! ఎర్తు సరిగ్గా లేకపోతే ఇంకా ఎక్కువంట!"

"అట్లనా" అన్నాను, మిషను తొక్కుతూ.

ఇంటి వెనక ఎర్తు తీగ పాతిన గుంత, ఎప్పుడూ తడిగా ఉండాల్సింది, ఎండి నోరు తెరిచి ఉంది. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే వీధిలో గుంతకు నీళ్ళెవరు పోస్తారు? ఇప్పుడు మాత్రం రోజూ నేను తెచ్చిన నీళ్ళలోంచి ఒక చెంబెడు దానికి పోస్తాడు, ఏదో కొత్త సంగతి కనిపెట్టిన మనిషిలా.

చిగుళ్ళు మానాక అమ్మను మళ్ళీ పిలిచి, తెరలన్నీ ఆపి పాడించాడు. మోత ఒక్క చుక్క లేదు. కడిగిన గిన్నెలా ఉంది పాట. అమ్మ అంతా విని నా వైపు తిరిగింది.

"ఎవురే ఈ ముసిల్ది?"

తర్వాత కంప్యూటరులో ఏదో కిటుకు పట్టి, పాత పాటలోని మోతను తుడిచేశాడు. మోత పోయింది. దాంతో పాటు 'స' లన్నీ పోయాయి. సాలు లేదు, సాయం లేదు, సత్తువ లేదు. గొంతు మాత్రం నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉంది. భలే శుభ్రమైందని మురిసిపోతూ అమ్మకు వినిపించాడు.

"పాటకు గూడా పళ్ళు పీకినావా అల్లుడా?" అంది అమ్మ.

ఆ ఏడు కోత పండుగకు మేము పల్లెకు పోయాం. కట్టుడు పళ్ళు టకటకమంటున్నాయని అమ్మ వాటిని డబ్బాలో పెట్టి ఇంట్లోనే ఉంచేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుళ్ళో ఆడవాళ్ళ వైపు చివర్న కూర్చుంది. పళ్ళు తీసిన నాటి నుంచి అక్కడ ఆమె పాడలేదు, ఆమేన్ అని కూడా అనలేదు. అమ్మ చెప్పినట్టే ఆమె పాట స్పీకరులో పెట్టాలి, పళ్ళున్న పాట, మోత ఉన్నది. నేను ఆయన చేత అదే పెట్టించాను.

ముందు మోత వచ్చింది. గుళ్ళో పెద్ద స్పీకరులో అది ఇల్లంత అయింది. జనం తలలు తిప్పి చూశారు. పాస్టరు గారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. పిన్నమ్మ కొడుకు, "మళ్ళీ పాడైంది చూడు" అన్నాడు. మా ఆయన ముఖం ఎర్రగా అయింది. తుడిచేసిన పాట పెట్టడానికి ఫోను మీద వేలు పెట్టాడు.

"తీయమాక అల్లుడా!"

అమ్మ లేచి నిలబడి ఉంది. కొంగు జారిపోయింది. బోసి నోరు ఊరందరికీ కనపడుతోంది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

"తీయమాక. దాని ఎనకాల నేనుండా."

ఆయన వేలు తీసేశాడు. మోత ఇంకాసేపు నడిచింది. ఆ తర్వాత అమ్మ వచ్చింది.